రక్షిత కమ్మరి

చిట్టెంగూడెంలో రాకాసి కొలిమిని చూసి భయపడనివాడు ద్రోణాచారి ఒక్కడే. ఊరికి పడమట, చెలకల మధ్య, రెండు తాటిచెట్లంత ఎత్తున నల్లరాయితో కట్టిన పాత ఊదుకొలిమి అది. ఒకప్పుడు అందులో బండ్లకొద్దీ ఇనుపరాయి, బొగ్గు పోసి, పెద్ద పెద్ద తిత్తులతో గాలి ఊది ఇనుము కరిగించేవారట. కరిగించగా మిగిలిన చిట్టెం గుట్టలు గుట్టలుగా పడి, వాటి పక్కన ఊరు వెలిసి, ఆ పేరే ఊరికి నిలిచింది. అదంతా ఆగిపోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు దాని గొంతులో గబ్బిలాలు, కడుపులో ఎవరివో మేకలు కాపురం ఉంటున్నాయి.

దాని గోడకే పాక వేసుకుని ద్రోణాచారి కమ్మరి పని చేసుకునేవాడు. నాగలి కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు, గడ్డపారలు, చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకు ఆయన చేతివే. భార్య సులోచన సమ్మెట వేసేది. ఎర్రగా కాలిన ఇనుము మీద ఆయన చిన్న సుత్తితో ఎక్కడ తాకితే ఆమె సమ్మెట అక్కడే పడేది. ఇద్దరికీ మాటల్లేని రోజుల్లో కూడా ఆ దెబ్బ తప్పింది లేదు.

ఏడాదికోసారి ఆయన రాకాసి కొలిమి మీదికెక్కి పగుళ్లలో మొలిచిన మొక్కలు పీకేసేవాడు. వేళ్లు పోయి రాళ్లు ఊడితే తన పాక మీదే పడతాయని ఆయన భయం. ఆ పనిని పరిరక్షణ అంటారని ఆయనకు తెలియదు. తెలిసిన రోజు నుంచే ఆయన కష్టాలు మొదలయ్యాయి.

ఆ ఏడు రాష్ట్రంలో వారసత్వ జ్వరం విపరీతంగా ఉంది. జనం కూలిన బురుజుల ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు, విరిగిన రోళ్ల మీద వ్యాసాలు రాస్తున్నారు. ఆ ఊపులో ఒకనాడు చిట్టెంగూడెంలో జీపు ఆగింది. అందులోంచి వారసత్వ సంపద పరిరక్షణ విభాగం సహాయ సంచాలకులు వైకుంఠరావుగారు దిగారు. రాకాసి కొలిమి చుట్టూ ప్రదక్షిణం చేసి, గోడ మీద చెయ్యి పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ప్రాచీన లోహద్రావక వాయుప్రేరిత అగ్నికుండం!" అన్నారు గద్గదంగా.

"రాకాసి కొలిమి సారూ," అన్నాడు ద్రోణాచారి.

"అదే. మీరన్నది వాడుక, నేనన్నది వాస్తవం."

నెల తిరక్కుండా నీలం రంగు బోర్డు పాతారు. ఇది రక్షిత కట్టడమనీ, దీనికి వంద మీటర్ల పరిధిలో నిప్పు రాజేయుట, పొగ వెలువరించుట, సుత్తితో కొట్టుట, తద్వారా ప్రకంపనములు కలిగించుట శిక్షార్హమనీ దాని మీద రాసి ఉంది. చుట్టూ సున్నంతో గీత గీశారు. ద్రోణాచారి పాక గీతకు ఇవతల, కొలిమి ఒళ్లోనే ఉండిపోయింది. పొయ్యి మీద నీళ్లు పోసి, తిత్తికి తాళం వేశారు.

వానాకాలం ముంచుకొస్తోంది. సాన పట్టాల్సిన కర్రులు పాక ముందు కుప్పగా పడి ఉన్నాయి.

"సారూ, నాకు తెల్వక అడుగుత. గది కొలిమే గదా? నిప్పు కోసమే కట్టిన్రు గదా?"

"కట్టినప్పుడు అది కొలిమి," అన్నారు వైకుంఠరావుగారు ఓపికగా. "ఇప్పుడు కట్టడం. నిప్పు దానికి హానికరం."

"అండ్ల ఇనుమే కరిగింది సారూ. నా పొయ్యి సెగకు దానికేమైతది?"

"కరిగిన కాలంలో దానికి రక్షణ లేదు. అందుకే అంత వేడిని భరించవలసి వచ్చింది పాపం."

ఆ 'పాపం' అన్న మాటలో నిజమైన జాలి ఉంది. అది విని ద్రోణాచారి ఇంటికి పోయాడు.

పని లేని కమ్మరి ఇంట్లో ఎలా ఉంటాడో సులోచన నాలుగు రోజులు చూసింది. చూరు కింద కూర్చుని లేస్తాడు, లేచి కూర్చుంటాడు, తలుపు గొళ్లెం ఊడదీసి మళ్లీ బిగిస్తాడు. ఐదో రోజు ఆమె పెరట్లో ఉన్న పాత తిత్తి, ఇనుము పెట్టి కొట్టే పగిలిన దాగలి ఒకటి నెత్తిన పెట్టుకుని సున్నపు గీత దాటి, తుమ్మచెట్టు కింద దించింది. గుంట తవ్వి బొగ్గులు పోసింది. ఇద్దరూ కలిసి అక్కడ పని మొదలుపెడదామనుకునేలోపే జీపు మళ్లీ వచ్చింది.

"శుభవార్త," అన్నారు వైకుంఠరావుగారు. "కట్టడం ఒక్కటే ఉంటే చాలదనీ, దానికి సంబంధించిన నైపుణ్యం కూడా సజీవంగా ఉండాలనీ పై నుంచి ఆదేశాలు వచ్చాయి. ఈ అగ్నికుండం తాలూకు పరంపరలో మిగిలింది మీరొక్కరే. కాబట్టి మిమ్మల్ని రక్షిత జాబితాలో చేర్చాం."

ద్రోణాచారి ముఖం తెల్లబోయింది. "నన్నా? నేనేం జేసిన సారూ?"

"ఇకమీదట ఏమీ చెయ్యరు. అదే విషయం. రక్షిత వస్తువును వాడకూడదు కదా, అరిగిపోతుంది. మీ చేతులు, మీ భుజాలు, మీ నైపుణ్యం, అన్నీ ఇప్పుడున్న స్థితిలోనే భావితరాలకు అందాలి. మీరు పొద్దున వచ్చి, పాకలో దాగలి ముందు కూర్చుని, ఒక చేత పట్టుకారు, ఒక చేత సుత్తి పట్టుకుని సాయంత్రం దాకా ఉంటే చాలు. విభాగం నెలనెలా గౌరవ భృతి ఇస్తుంది."

నిజం చెప్పాలంటే ద్రోణాచారి మొదట పొంగిపోయాడు. పేపర్లో ఫోటో పడింది. ఆయన ముఖాన్ని నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీశారు. ఒక గుమాస్తా స్టూలెక్కి, నడినెత్తి మీది బట్టతలను కూడా పై నుంచి తీశాడు. కూర్చున్న ఎత్తు, మీసం పొడవు, వేళ్ల మందం కొలిచి రాసుకున్నారు. ఊళ్లో పెళ్లికి పోతే జనం లేచి కుర్చీ వేశారు.

"నా సంగతేంది సారూ?" అని అడిగింది సులోచన.

గుమాస్తా జాబితా తిరగేశాడు. "నీ పేరు లేదమ్మా. కమ్మరి ఒక్కడే ఉన్నాడు."

"మంచిగయింది," అని ఆమె సమ్మెట భుజానేసుకుని తుమ్మచెట్టు కిందికి పోయింది.

పాకకు తాడు కట్టి, టికెట్లు పెట్టారు. జనం వచ్చి ద్రోణాచారిని చూసి పోయేవారు. కొందరు కదులుతాడేమోనని చాలాసేపు నిలబడేవారు. ఆయన తుమ్మితే చప్పట్లు కొట్టేవారు.

మెల్లిమెల్లిగా రక్షణ బిగుసుకుంది. మేనకోడలి పెళ్లికి తలకు రంగు వేసుకుంటానంటే వైకుంఠరావుగారు ఉలిక్కిపడ్డారు. రక్షిత వారసత్వానికి కొత్త రంగులు వేయడం ఘోరమైన తప్పట, ఇదివరకు ఎన్నో గుడులు ఆ రకంగానే పాడయ్యాయట. గడ్డం సంగతి ఇంకా చిక్కు. ఫోటో తీసిన రోజు ద్రోణాచారి గడ్డం కొంచెం మాసి ఉంది. కాబట్టి అది ఎప్పుడూ అంతే మాసి ఉండాలి. గీయకూడదు, పెరగనివ్వకూడదు. ఊరి మంగలి ఫోటో పక్కన పెట్టుకుని, కత్తెరతో ఒక్కొక్క వెంట్రుకే సరిచేస్తూ, "చారీ, నీ గడ్డం జేసుడు కంటె నాలుగు పెండ్లిళ్ల పని సులువయ్యా" అని వాపోయేవాడు.

ఇవన్నీ ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒకటే. తుమ్మచెట్టు వైపు నుంచి రోజంతా సమ్మెట చప్పుడు వినిపించేది. సులోచన ఒక్కతే కాలుస్తోంది, ఒక్కతే కొడుతోంది. ఒక దెబ్బ ముందు పడుతుంది, ఒకటి ఆగి పడుతుంది, ఒకటి పక్కకు జారుతుంది. తాడుకు ఇవతల సుత్తి పట్టుకుని కూర్చున్న ద్రోణాచారి ఆ ప్రతి దెబ్బకూ లోలోపల గింజుకునేవాడు. "సల్లారింది, మళ్లా కాల్చాలె... కాల్చాలె," అని గొణుక్కునేవాడు. చూడవచ్చిన వాళ్లు అది ఏదో పురాతన మంత్రమనుకుని ఫోన్లలో రికార్డు చేసుకున్నారు.

ఆ దిగుల్లోనే పన్ను నొప్పి వచ్చింది.

కింది దవడ, ఎడమ పక్క. మొదట సలుపు, తర్వాత వాపు, ఆ తర్వాత చెవి దాకా పోటు. పట్నంలో డాక్టరు దగ్గరికి పోయి పీకించుకుని వస్తానన్నాడు ద్రోణాచారి.

"పీకించడమా!" వైకుంఠరావుగారు కుర్చీలోంచి సగం లేచారు. "అంటే మౌలిక భాగాన్ని తొలగించడం! మా శాస్త్రానికి మూలసూత్రం ఒకటే. ఉన్నదాన్ని ఉన్నచోటే బలపరచాలి. ముందు నిపుణుల సంఘం పరిశీలించాలి."

"పన్నుల డాక్టరుంటడా సారూ సంఘంల?"

"వైద్యులకు పరిరక్షణలో అనుభవం ఉండదు."

సంఘం వచ్చింది. అందులో ఒకరు శిలా నిపుణులు, ఒకరు కొయ్య పని చూసే దారు నిపుణులు, మూడోవారు శాసనాలు చదివేవారు. ద్రోణాచారిని వెలుతురుకు తిప్పి, నోరు తెరిపించి, ముగ్గురూ ఒకేసారి తొంగి చూశారు. శిలా నిపుణులు చిన్న సుత్తితో పన్ను మీద టకటకమని కొట్టి, "లోపల బోలుగా ఉంది," అన్నారు. ద్రోణాచారి కేక వేశాడు. "ప్రతిధ్వని బాగుంది," అని దారు నిపుణులు రాసుకుని, చెద సోకిన ఆనవాళ్లు లేవని సంతృప్తి వెలిబుచ్చారు. శాసనాలాయన భూతద్దం పెట్టి ఎంతసేపు చూసినా పన్ను మీద ఏమీ రాసి లేకపోవడంతో చిన్నబుచ్చుకున్నారు.

నివేదిక పొడుగ్గా వచ్చింది. సదరు దంతము శిథిలావస్థకు చేరుకొన్నప్పటికీ తొలగింపునకు అర్హము కాదనీ, కరక్కాయ, బెల్లము కలిపి నూరిన పాతకాలపు సున్నముతో దానిని పూడ్చవలెననీ, పని ముగియువరకు సదరు దవడతో నమలరాదనీ అందులో ఉంది. సున్నం నూరడానికి టెండర్లు పిలిచారు. అంతవరకు ప్రమాద సూచికగా ద్రోణాచారి దవడ చుట్టూ ఎర్ర రిబ్బను కట్టారు.

ఆ సాయంత్రం సులోచన టికెట్ కొనుక్కుని, జావ పోసిన చెంబుతో వచ్చింది. రిబ్బను చూసి ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"అది పన్నా, పడిపోయే గడీనా? గిదేం రోగమయ్యా వీళ్లకు? నువ్వన్న చెప్పవేంది, నాకద్దు మీ రచ్చన అని?"

"చెప్పిన. జాబితాలకెంచి తీసెయ్యాలంటె మల్లో సంఘం రావాల్నట."

ఆయన తాడుకు లోపల, ఆమె బయట. చెంబు తాడు కింది నుంచి తోసింది. ఆయన సగం తాగి దించాడు.

"నీ సమ్మెట ఎడమకు పోతాంది," అన్నాడు ద్రోణాచారి, వాచిన దవడ కదిలీ కదలకుండా.

"నాకెర్కే," అంది ఆమె చెంబు కేసి చూస్తూ. "ముంగట సుత్తి తాకక పోతె, సమ్మెటకు జాడెట్ల తెలుస్తది?"

ద్రోణాచారి సగం జావ మిగిలిన చెంబును తాడు కింది నుంచి వెనక్కి తోశాడు.

ఇంతలో మంత్రిగారు వస్తున్నారని కబురు. ప్రాచీన లోహద్రావక వాయుప్రేరిత అగ్నికుండాన్ని జాతికి అంకితం చేయాలి. వైకుంఠరావుగారికి నిద్ర కరువైంది. నిప్పు లేకుండా కొలిమి మండుతున్నట్టు కనిపించాలి కదా. లోపల ఎర్ర బల్బులు పెట్టించారు, నారింజ రంగు పట్టుగుడ్డ పీలికలు కట్టి కింది నుంచి ఫ్యాన్లు తిప్పించారు. సుత్తి దెబ్బల చప్పుడు పట్నంలో రికార్డు చేయించి స్పీకర్లలో పెట్టారు. ద్రోణాచారి దవడ వాపు కనిపించకుండా కుడి చెంప జనం వైపు పెట్టి కూర్చోవాలని ఉత్తర్వు ఇచ్చారు.

అంతా అనుకున్నట్టే జరిగేది. కానీ మంత్రిగారు రైతు ఇంట్లో పుట్టిన మనిషి. పట్టుగుడ్డ మంటల ముందు రిబ్బను కత్తిరించి, పాక దగ్గరికి వచ్చి ద్రోణాచారిని చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"చారీ! చిన్నప్పుడు మా ఊరి కొలిమికాడ కూసుంటే ఇంటికి పోబుద్ధి కాకపోతుండె. ఏదీ, నా ముంగట ఒక్క కొడవలి చెయ్యి. చేతులతోటి పట్టుకపోత."

కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. వైకుంఠరావుగారి నుదుటి మీద చెమట కొట్టొచ్చినట్టు కనిపించింది. ఒకవైపు తాను పాతించిన బోర్డు, ఒకవైపు మంత్రిగారు. ఆయన మామూలు మనిషి అయితే అక్కడే చేతులెత్తేసేవారు. కానీ ఇరవై ఏళ్ల సర్వీసు.

"నిప్పు మాత్రమే నిషిద్ధం, సార్," అన్నారు గొంతు సవరించుకుని. "వేడిచేయబడిన ఇనుము గురించి నిబంధన ప్రస్తావించలేదు. గీత అవతల కాల్చి ఇక్కడికి తీసుకొస్తాం. మీ కోసం ప్రకంపనలకు తాత్కాలిక సడలింపు ఇస్తున్నాను."

తుమ్మచెట్టు కింద సులోచన ఇనుము ఎర్రగా కాల్చి ఇచ్చింది. గుమాస్తా దాన్ని పట్టుకారుతో పట్టుకుని పరుగందుకున్నాడు. చెలక దున్ని ఉంది, మట్టిపెడ్డలు కాళ్లకు తగులుతున్నాయి. దాగలి మీదికి చేరేసరికి ఇనుము నల్లబడింది. ద్రోణాచారి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా వేగంగా!" అన్నారు వైకుంఠరావుగారు.

ఈసారి మనుషుల్ని వరసగా నిలబెట్టారు. ఒకరి పట్టుకారు నుంచి మరొకరి పట్టుకారుకు అందించుకుంటూ రావాలి. అందరికీ పట్టుకార్లు లేవు. మధ్యలో నిలబడ్డ ఫోటోగ్రాఫరుకు ఇనుము అందగానే ఆయన దాన్ని గాల్లోకి ఎగరేసి, గెంతులేస్తూ ఊరి వైపు పోయాడు.

మూడోసారి ఆలోచన వైకుంఠరావుగారిదే. మంత్రిగారి భోజనం వచ్చిన హాట్‌ప్యాక్ డబ్బా ఖాళీ చేయించి, "ఇందులో అన్నం రాత్రి దాకా వేడిగా ఉంటుంది," అని, కాలిన ఇనుమును అందులో పెట్టి మూత వేయించారు. డబ్బా గీత దాటింది. దాగలి దగ్గరికి వచ్చింది. మూత తియ్యబోతే మూత లేదు, అడుగూ లేదు. ప్లాస్టిక్ అంతా కరిగి ఇనుమును పాకంలా పట్టుకుంది. గుప్పున నల్లటి పొగ లేచి, రక్షిత అగ్నికుండం మీదుగా ఆకాశంలోకి పోయింది. గొంతులోని గబ్బిలాలన్నీ ఒక్కసారి బయటకు వచ్చాయి. వైకుంఠరావుగారు కండువాతో పొగను గీత అవతలికి విసురుతూ, "పొగ నిషిద్ధం! పొగ నిషిద్ధం!" అని అరుస్తున్నారు. స్పీకర్లలో సుత్తి దెబ్బలు మాత్రం తాళం తప్పకుండా పడుతూనే ఉన్నాయి.

ద్రోణాచారికి నవ్వు వచ్చింది. రాకూడదని ఎంత పట్టుకున్నా ఆగలేదు. దవడ సాగేసరికి పన్ను పోటు మెదడు దాకా పాకింది. నవ్వూ ఏడుపూ కలిసిపోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. దవడకు కట్టిన ఎర్ర రిబ్బను తెంపి పారేశాడు. పట్టుకారు ఎలాగూ చేతిలోనే ఉంది. నోరు తెరిచి, సందు చూసి, ఒక్క గుంజు గుంజాడు.

పన్ను దాగలి మీద ఠంగుమని పడింది.

స్పీకరు దగ్గరివాడు ఏమనుకున్నాడో చప్పుడు ఆపేశాడు. ద్రోణాచారి ఎర్రటి ఉమ్మి ఉమ్మి, లేచి, తాడు దాటాడు. సున్నపు గీత దాటాడు. ఎవరూ ఆపలేదు. ఆయన వెనకే మంత్రిగారు, మంత్రిగారి వెనకే పోలీసులు, కెమెరాలు, ఊరూ కదిలాయి. తుమ్మచెట్టు కింద సులోచన ఆయన ముఖం చూసి ముందు భయపడింది. తర్వాత చెంబుతో నీళ్లిచ్చింది. పుక్కిలించి ఊసి, ఆయన పొయ్యిలోంచి ఇనుము తీసి దాగలి మీద పెట్టాడు. చిన్న సుత్తితో తాకాడు. ఆమె సమ్మెట దిగింది. మళ్లీ తాకాడు, మళ్లీ దిగింది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. పొగ అనుకున్నారు అందరూ. కొడవలి వంపు తిరిగేదాకా మంత్రిగారు నేల మీదే గొంతుక్కూర్చుని, ఇంటికి పోబుద్ధి కానివాడిలా చూస్తూ ఉండిపోయారు.

కొడవలి పట్టుకుని మంత్రిగారు వెళ్లిపోయారు. విచారణ మాత్రం మిగిలింది. రక్షిత వారసత్వ సంపదను స్వయంగా ధ్వంసము చేసుకొన్నందుకు ద్రోణాచారికి నోటీసు వచ్చింది. నిపుణుల సంఘం మళ్లీ నోరు తెరిపించి, ఖాళీ చోటును కొలిచి, సదరు కమ్మరి మౌలికతను శాశ్వతముగా కోల్పోయినందున రక్షణకు అనర్హుడని తేల్చింది. జాబితాలోంచి పేరు కొట్టేశారు. ఆ కాగితం అందిన రోజు ద్రోణాచారి గడ్డం నున్నగా గీయించుకుని, జుట్టుకు కారునలుపు రంగు వేయించుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగాడు.

అయితే పన్ను విషయంలో సంఘం వేరుగా ఆలోచించింది. ఊడిన క్షణం వరకు అది రక్షిత భాగమే కాబట్టి, ఊడినా దాని రక్షణ ఊడదు. పాకలో దాగలి మీద, సరిగ్గా పడిన చోటే, దాన్ని ఉంచి అద్దాల పెట్టె బిగించారు. 'ప్రాచీన లోహకార పరంపర: చివరి అవశేషం' అని కింద రాశారు. జనం మునుపటికంటే ఎక్కువగా రాసాగారు. కదలని వస్తువు కాబట్టి ఫోటోలు కూడా బాగా వస్తున్నాయట. వైకుంఠరావుగారు ప్రమోషన్ మీద రాజధానికి వెళ్లిపోయారు.

ఆయన స్థానంలో వచ్చిన అధికారిణి చిన్న వయసు మనిషి, మంచి ఉత్సాహం గలది. మొదటిసారి పన్నును తనిఖీ చేయడానికి వస్తూ, చప్పుడు విని తుమ్మచెట్టు దగ్గర జీపు ఆపించింది. తడికల పాక, మసిబారిన తిత్తి, ఎర్రటి బొగ్గులు, సుత్తి వెంట సమ్మెట. చుట్టూ రైతులు బీడీలు కాల్చుకుంటూ తమ వంతు కోసం కూర్చున్నారు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎంత అద్భుతంగా ఉంది! ఈ కొలిమి ఎన్నాళ్ల నుంచి ఉంది?"

సుత్తి ఆగింది. సమ్మెట ఆగింది. బీడీలు నోటి దగ్గరే ఆగిపోయాయి. ద్రోణాచారి సులోచన వైపు చూశాడు.

"నిన్ననే పెట్టినం బిడ్డా," అంది సులోచన.

"నాకు పని గూడ రాదు మేడం," అన్నాడు ద్రోణాచారి కంగారుగా. "ఇప్పుడిప్పుడే నేర్సుకుంటాన."

"వీళ్లు మా ఊరోళ్లు గూడ కాదు," అన్నాడు కర్రు సాన పట్టించుకోవడానికి వచ్చిన ముసలి రైతు.

అధికారిణి ముఖం చిన్నబోయింది. ఫోన్ తీసి ఫోటో తియ్యబోయినది మళ్లీ సంచిలో వేసుకుంది.

"అయ్యో, నేనింకా పాతదేమో అనుకున్నాను. మరి ఇక్కడ అసలైన కమ్మరి ఎక్కడున్నాడు?"

అక్కడున్న వాళ్లందరూ, ద్రోణాచారితో సహా, ఒక్కసారే చెయ్యెత్తి పన్ను వైపు చూపించారు.